అత్త తీర్చిన చదివింపులు

మొన్న మంగళవారం పొద్దున మా తోటలో కొబ్బరి దింపు జరుగుతుండగా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు.

"ఒరే, అత్త పోయిందంట. పాలావిడ తలుపు కొడితే తియ్యలేదంట. పక్కింటోళ్ళు గడియ ఊడదీసి చూసేరంట. నువ్వు బయల్దేరు, నేను కార్లో వస్తన్నాను."

దింపిన కాయలు రాశి పోయించి, మనుషుల్ని పంపించేసి బండి తీశాను. అత్త ఊరు కొత్తపేటకి అవతల, ఏటిగట్టు దగ్గర. నేను వెళ్ళేసరికి వరండాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ముఖంలో పెద్ద మార్పేమీ లేదు. బతికుండగా కూడా ఆ ముఖం చూసి ఆవిడ ఏమనుకుంటోందో చెప్పడం కష్టం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంధువులు బాగానే వచ్చారు. వచ్చినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాట అన్నారు.

"మహాతల్లండి. ఒకళ్ళ రుణం ఉంచుకోలేదు."

"ఆయ్. మా అమ్మాయి పెళ్ళికి అంత వానలోనూ ఆటో కట్టించుకుని వచ్చి మరీ చదివించేరండి."

మెట్ల మీద మా అన్నయ్య, అంటే ఫోన్ చేసినవాడే, అప్పుడే పన్నెండో రోజు భోజనాల గురించి మాట్లాడుతున్నాడు. పూతరేకులు ఆత్రేయపురం నుంచే తెప్పించాలనీ, ఏ లోటూ రాకుండా అత్త పేరు నిలబెట్టాలనీ అంటున్నాడు.

రుణం ఉంచుకోలేదన్న మాట నిజమే. ఆ రుణం ఆవిడ మీద ఎలా పడిందో అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేనీ నాలుగు మాటలూ రాయాల్సిన పని ఉండేది కాదు.

అత్త మా నాన్నకి చెల్లెలు, ముగ్గురిలో ఆఖరిది. అయిదో తరగతితో చదువు మాన్పించి మేనరికం చేశారు. మావయ్యకి కొద్దిగా కొబ్బరితోట ఉండేది. కాయలు ఎండబెట్టి, ఆ కురిడీలు అంబాజీపేట తీసుకెళ్ళి అమ్మేవాడు. నెమ్మదైన మనిషి. మాటలన్నీ అత్తవే. అవీ ఎక్కువ కాదు. ఆవిడ చేతులు మాత్రం ఖాళీగా ఉండగా నేను చూడలేదు. పొట్టిక్కలు, అంటే ఆకుబుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, వండడానికి పనసాకులతో బుట్టలు కుట్టేది. నాలుగాకులు, నాలుగు పుల్లలు, ఓ బుట్ట. బస్సులో కుట్టేది, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని కుట్టేది. కొత్తపేటలో టిఫిన్ హోటలు వాళ్ళు కొనుక్కునేవారు. ఎవరైనా ఆవిడ కష్టం తల్చుకుని "అయ్యో" అంటే, "అయ్యో అన్నారు సరే, తర్వాతేం చేస్తారో అదీ చెప్పండి" అనేది. అన్నాక మళ్ళీ ఆకుల్లోకి తల వంచేసేది. జవాబు కోసం చూసేది కాదు.

పెళ్ళైన చాలా ఏళ్ళకి ఒక్క కొడుకు పుట్టాడు. చంటోడు అనేవాళ్ళం. మీసాలు రావలసిన వయసులో కూడా వాడు చంటోడే. చూడ్డానికీ అలాగే ఉండేవాడు. ఏడాది నిండకుండానే పిల్లవాడు పాలిపోయి, పాలు తాగే ఓపిక కూడా లేక మెడ వాల్చేశాడు. రాజమండ్రి డాక్టరు పరీక్షలు చేయించి తలసీమియా అన్నాడు. ఒంట్లో రక్తం తయారవదు. మూడు వారాలకో, నెలకో బయటి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. ఆ రక్తంతోపాటు ఒంట్లోకి ఇనుము చేరుతుంది. అది గుండెకి, కాలేయానికి పట్టి మనిషిని తినేస్తుంది. దాన్ని బయటికి తోడే మందు వేరే ఉంది. చిన్న పంపుకి తగిలించి, పొట్ట మీద చర్మం కింద సూది గుచ్చి, కొన్ని గంటలపాటు కొంచెం కొంచెంగా ఎక్కించాలి. రక్తం ఎలాగో దొరికేది. మందు కొనడమే కష్టం. తోట ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది. మేనరికాల్లో ఇలాంటివి ఎక్కువని డాక్టరు అన్నాడని తెలిశాక, ఆ పెళ్ళి కుదిర్చిన పెద్దలు తలరాత అన్నారు.

తొంభైల మధ్యలో, వాడికి పదేళ్ళు దాటుతుండగా, కొత్తపేట కాలేజీ కుర్రాళ్ళు కొందరు వాళ్ళంతట వాళ్ళే అత్త దగ్గరికి వచ్చారు.

"పిన్నిగారూ, రిక్షాకి మైకు కట్టి, బాబుని కూర్చోబెట్టుకుని, అమలాపురం దాకా సెంటర్ సెంటర్‌కీ తిరుగుతామండి. జోలె పడితే జనం వేస్తారండి. మీరు రానక్కర్లేదండి."

"నా కొడుకు కోసం తిరుగుతుంటే నేనెందుకు రాను? వస్తాను" అంది అత్త.

ఆ సంగతి పెదనాన్నగారికి తెలిసింది. చెల్లెల్ని తీసుకురమ్మని కబురు పెట్టారు. నేనప్పటికి ఇంటర్ తప్పి వ్యవసాయంలో దిగాను. అత్తని సైకిల్ మీద తీసుకొచ్చింది నేనే.

"మన ఇంటి పిల్లోణ్ణి రిక్షా ఎక్కించి అడుక్కుంటారా? నేను సెంటర్లో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నారు పెదనాన్నగారు.

"తల సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యా. వాడికి మందు కావాలి."

"వద్దన్నానా? దానికో పద్ధతుంది. వాడికి పంచెల ఫంక్షన్ చేద్దాం. నలుగుర్నీ పిలుద్దాం. చదివింపులొస్తాయి. ఎవరి ముందూ చెయ్యి చాపినట్టుండదు."

మా వైపు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మగపిల్లవాడికి మొదటిసారి పంచె కట్టించి, బంధువుల్ని పిలిచి భోజనాలు పెడతారు. వచ్చినవాళ్ళు డబ్బు చదివిస్తారు. ఎవరెంత ఇచ్చిందీ మైకులో చదువుతారు. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే మనం ఆ ఇచ్చినదానికి కొంత కలిపి తిరిగి చదివించాలి. ఇలాగని ఎక్కడా రాసి ఉండదు. కానీ మరిచిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

అత్తకి ఆ తేడా వెంటనే అర్థమైంది. "ఇది మళ్ళీ పెట్టాలి కదా అన్నయ్యా. జోలెలో పడింది ఎవరికీ మళ్ళీ పెట్టక్కర్లేదు" అంది.

"పెట్టేటప్పుడు చూసుకుందాం. నేను లేనా?"

మా నాన్న పక్కనే కూర్చుని తలూపాడు. అన్నగారి మాటకి ఆయన ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అత్త ఇద్దరి వంకా చూసి "సరే మీ ఇష్టం" అంది. కాలేజీ కుర్రాళ్ళకి వద్దని చెప్పి పంపేశారు.

పిలిచాక సరిగ్గా పెట్టకపోతే బాగోదని మొదలైంది. పనసపొట్టు కూర ఉండాలన్నారు. రెండు తీపి రకాలు రాయిస్తే మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "రెండేంటి, ముష్టిగా ఉంటాది. మూడు పెట్టించండి" అంది. షామియానా, కుర్చీలు, కొత్తపేట నుంచి మైకు సెట్టు వచ్చాయి. పిల్లవాడి ముఖాన కళ ఉండాలని ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు రాజమండ్రి తీసుకెళ్ళి రక్తం ఎక్కించి తెచ్చారు. వాడి పొట్ట అప్పటికే ఉబ్బి ఉండేది. అది కనబడకుండా పట్టుపంచె పైకి కట్టి, ముందుకి కండువా పరిచారు. పౌడరు రాసి బొట్టు పెట్టారు. మైకులో జబ్బు మాట ఎత్తొద్దని పెదనాన్నగారు ముందే చెప్పారు. శుభమని పిలిచి జబ్బు గురించి చదివితే ఏం బాగుంటుందన్నారు.

నేను మంచినీళ్ళు అందిస్తూ పంక్తిలో మాటలు విన్నాను.

"జబ్బు జబ్బన్నారు, కుర్రాడు నిక్షేపంలా ఉన్నాడు కదండీ."

"ఆయ్, బుగ్గలు చూడండి ఎలా ఉన్నాయో."

"అయితే మనం మామూలుగా పెడితే చాలంటారా?"

"మామూలేనండి. ఎక్కువ పెడితే రేపు వాళ్ళకే బరువు."

అందరూ మామూలుగానే పెట్టారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఫంక్షన్‌కి పిలిచారు, ఫంక్షన్‌కి పెట్టినట్టు పెట్టారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినాయన తన పేరు సరిగా వినపడలేదని రెండోసారి చదివించుకున్నాడు. చంటోడు కుర్చీలో కూర్చుని ప్రతి పేరుకీ తలూపాడు. మధ్యలో నన్ను పిలిచి, "బావా, ఇవన్నీ నాకేనంట. సైకిల్ కొనుక్కుంటాను, నువ్వు తొక్కుదువుగాని, నేను వెనక కూర్చుంటాను" అన్నాడు.

వంటవాళ్ళకీ షామియానాకీ కిరాణా కొట్టుకీ ఇచ్చేయగా మిగిలినదాంతో పంపు కొన్నారు. మందు ఆ ఏడు వానాకాలం దాకా వచ్చింది. ఫంక్షన్ రోజున అత్త భోజనం చెయ్యలేదని తర్వాత తెలిసింది. అందరికీ వడ్డించేసరికి చాలా పొద్దుపోయింది.

మాఘమాసం రాగానే పసుపు రాసిన శుభలేఖలు రావడం మొదలైంది. పెళ్ళిళ్ళు, ఓణీలు, గృహప్రవేశాలు. అత్త ఒక్కటీ వదల్లేదు. ఆలమూరు వైపు ఒక పెళ్ళికి బయల్దేరుతుంటే నేను అడ్డం పడ్డాను.

"ఈ ఒక్కదానికీ మానెయ్యకూడదా అత్తా? మందు అయిపోయిందన్నావు."

"వాళ్ళు మైకులో చదివించేర్రా. ఇప్పుడు నా పేరు చదవకపోతే, చదవలేదన్నదే అందరికీ వినపడుద్ది."

"పెదనాన్నగారు చూసుకుంటానన్నారుగా?"

"చూస్తానే ఉన్నారుగా" అంది అత్త, చెప్పులేసుకుంటూ.

ఆయన నిజంగానే చూశారు. ఎవరింట్లోనైనా చెల్లెలు కనబడకపోతే ఏమైందని అడిగేవారు.

ఆ రోజుల్లో అత్తతో ఒకసారి రాజమండ్రి వెళ్ళాను. డాక్టరు కాగితాలు చూసి, "మందు ఎక్కించట్లేదా అమ్మా? ఇనుము బాగా పెరిగిపోయింది" అన్నాడు.

"ఈ రెణ్ణెల్లూ కుదర్లేదండి."

"ఏం?"

"పెళ్ళిళ్ళండి."

డాక్టరు నా వంక చూశాడు. ఈవిడ వేడుకలకి తిరుగుతోందనుకున్నాడు. "పెళ్ళిళ్ళు ముఖ్యమా, పిల్లాడు ముఖ్యమా?" అని కోప్పడ్డాడు. అత్త "ఆయ్" అంది. నేను చెప్పబోతే మోచేత్తో పొడిచింది. బయటికొచ్చాక, "ఆయనకి చెప్పినా మందు ఊరికే ఇవ్వడు, మన సంగతి ఊరికే తెలుస్తుంది" అంది. అదీ నిజమే.

చంటోడు పదిహేడో ఏట పోయాడు. ఇనుము గుండెకి పట్టింది. అంతకంటే రాయడానికి నాకు మాటలు లేవు. ఆ రోజుల్ని తల్చుకోవడం నాకిష్టమూ లేదు.

వాడు పోయి ఏడాది దాటాక పెదనాన్నగారి మనవరాలికి ఓణీల ఫంక్షన్ వచ్చింది. అన్నాచెల్లెళ్ళ మధ్య పట్టింపులేంటే అంటూనే, చదివేటప్పుడు సొంత చెల్లెలి పేరు లేకపోతే బాగోదని ఆయనే అన్నారు. అత్త కవరు పట్టుకుని మైకు దగ్గర కూర్చున్న మాస్టారి ముందు నిలబడింది. ఆయన ఎవరి పేరున చదవమంటారని అడిగారు. అత్త చంటోడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది.

మాస్టారు తలెత్తి, "అంటే అమ్మా, ఆ బాబు..." అని ఆగిపోయారు. పెదనాన్నగారు కండువా సర్దుకుంటూ వచ్చారు.

"పిల్ల ఓణీలేసుకుంటుంటే చచ్చిపోయినోడి పేరేంటే? మీ ఆయన పేరు చెప్పు."

"నాకూ మా ఆయనకీ ఎవరూ పెట్టలేదన్నయ్యా. వాడికి పెట్టేరు. మీరే పెట్టించేరు. వాడి పేరునే చదవాలి."

"గొంతు తగ్గించు. మైకు ఆన్‌లో ఉంది."

నిజంగానే ఆన్‌లో ఉంది. షామియానా కింద అందరూ విన్నారు. పెదనాన్నగారు మాస్టారి వైపు ఒకసారి చూశారు. మాస్టారు గొంతు సవరించుకుని మావయ్య పేరు చదివేశారు. అత్త అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, తర్వాత వెళ్ళి పంక్తిలో కూర్చుంది. వడ్డించినవన్నీ తింది. ఒక కూర మారు అడిగింది. ఎదురుగా కూర్చున్నావిడ "తినగలుగుతున్నారు, నయమే" అని పక్కావిడతో గొణిగింది. అత్త విని, "బాగుందండి, మీరూ వేయించుకోండి" అంది.

మావయ్య మరో రెండేళ్ళకి పోయాడు. అత్త బుట్టలు కుట్టుకుంటూ, వెనక వాటా అద్దెకిచ్చి, మిగిలిన చదివింపులు ఒక్కొక్కటే తీర్చింది. ఆఖరిది ముమ్మిడివరంలో. ఎవరిదో గృహప్రవేశం. అక్కణ్ణుంచి తిరిగొస్తూ మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగింది.

"అయిపోయేయిరా" అంది. "ఇంక చూడు, నన్నెవరూ పిలవరు."

అలాగే జరిగింది. శుభలేఖలు తగ్గిపోయాయి. ఆవిడింట్లో ఇక చేసే శుభకార్యాలు లేవు కాబట్టి ఆవిడకి పెట్టాల్సిన పనీ లేదు. పెట్టనవసరం లేని మనిషిని పిలవడం చాలామంది మరిచిపోయారు. మొన్న వరండాలో మహాతల్లి అన్నవాళ్ళలో కొందరు ఆవిడ గడప తొక్కి అయిదారేళ్ళయి ఉంటుంది.

చదివింపులన్నీ తీరిపోయాక, వెనక వాటాలో ఆటో నడిపే కుర్రాడొకడు పెళ్ళాంతో, చిన్నపిల్లతో ఉండేవాడు. అతనికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి రాజమండ్రి వెళ్ళి రావాల్సి వచ్చింది. ఆటో అమ్మేశారు. ఆ తర్వాత అతని భార్య అత్త దగ్గరికొచ్చి, పిల్లకి చెవులు కుట్టించి ఫంక్షన్ చేస్తాం, మీ వంటపాత్రలు కావాలండి అని అడిగింది.

"ఎందుకే ఇప్పుడు ఫంక్షను?"

"మా మావయ్యలు చెయ్యమంటన్నారండి. చదివింపులొస్తాయి, ఈయన వైద్యానికి పనికొస్తాయని."

"పాత్రలివ్వను" అంది అత్త.

ఆ అమ్మాయి బిత్తరపోయింది. అత్త పని చేస్తున్న ఆకులు పక్కన పెట్టింది.

"వైద్యానికి కావాలంటే వైద్యానికని అడుగు. మొగుడికి బాలేదని అడుగు. భోజనాలు పెట్టి అడక్కు."

"అడుక్కోడానికి నోరు రాదండి పిన్నిగారూ."

"నాకొస్తుంది" అంది అత్త.

ఈ మాటలు ఆ అమ్మాయే తర్వాత నాకు చెప్పింది. అత్త చేసిన పని మొదట నాకు తెలిసింది మాత్రం మా అన్నయ్య ఫోన్‌తో. నేనా రోజు ఎరువుల కొట్టు దగ్గరున్నాను.

"ఒరే, అత్తకి మతి పోయింది. కొత్తపేట బస్టాండులో కొంగు పట్టుకుని నిలబడిందంట. అందరూ చూస్తన్నారంట. నాన్నగారు మంచం మీదున్నా తెలిసిపోయింది, అన్నం ముట్టట్లేదు. నువ్వెళ్ళి ఎలాగోలా లాక్కురా."

వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. ఆ అమ్మాయి పిల్లనెత్తుకుని గోడ నీడలో తల దించుకుని కూర్చుంది. అత్త ఎండలో ఉంది. నెత్తిన ఏమీ లేదు. మాసిన తెల్ల జాకెట్టు, నీలం నేత చీర.

"ఇంటికి పదత్తా. ఎండగా ఉంది."

"ఎండే కదా. నువ్వేమన్నా వేస్తే వెయ్యి, లేకపోతే అడ్డు లే. బస్సొస్తంది."

"పెదనాన్నగారు అన్నం తినట్లేదంట."

"ఆకలేస్తే తింటాడు."

నేను పక్కకి జరిగాను. చుట్టూ తెలిసిన ముఖాలు చాలా ఉన్నాయి. కొట్టువాళ్ళు, ఆటోవాళ్ళు, మా ఫంక్షన్లలో పంక్తిలో కూర్చున్నవాళ్ళు. కొందరు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి, "మీ మేనత్తగారు కదండీ, ఏమైందండీ పాపం" అన్నాడు. అంత వయసు మనిషి, అంత పరువైన కుటుంబం అని ఇంకా ఏదో అనబోయాడు.

అత్త అలా చాలా రోజులు వెళ్ళింది. ఒక్కోసారి రావులపాలెం, ఒక్కోసారి అమలాపురం. మా వాళ్ళు కొన్నాళ్ళు మాట్లాడ్డం మానేశారు. ఆ ఆటో కుర్రాడు మరో రెండేళ్ళు బతికాడు. అతను పోయాక భార్య పిల్లతో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె ఎవరింటికీ కవరు పట్టుకెళ్ళాల్సిన పని పడలేదు.

ఆ మధ్యాహ్నం నేనక్కడుండగానే రావులపాలెం బస్సు వచ్చి ఆగింది. అత్త కొంగు రెండు చేతులతో విప్పి పట్టుకుని, "జబ్బు మనిషికి సాయం చెయ్యండి బాబూ, కిడ్నీలు పోయేయి" అంటూ కిటికీల వెంట నడిచింది. పైనుంచి ఒక్కో చెయ్యి బయటికొచ్చింది. గాజుల చెయ్యి, గడియారం చెయ్యి, చిన్నపిల్ల చెయ్యి. వేసేవాళ్ళు ఆవిడ ముఖం కోసం వంగి చూస్తున్నారు. అత్త మాత్రం కొంగు కిటికీ కిందకి చాచి, మెడ పూర్తిగా రోడ్డు వైపు తిప్పేసుకుని, వేసిన మనిషి ఎవరో కంటపడకుండా, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి అలా పక్కగా నడుచుకుంటూ పోయింది.